ఆకుకట్టు

మొన్న పక్కింటావిడ మోకాళ్ల నొప్పులకని వావిలాకు ఆముదంలో వేయిస్తుంటే ఆ వాసన మా వంటింట్లోకి వచ్చింది. లేచి కిటికీ మూసేశాను. ఆవిడ నొచ్చుకున్నట్టుంది, "వాసన పడదా?" అని గోడ మీంచి అడిగింది. పడదన్నాను. ఆ ఆకు ఏ పాపమూ ఎరగదు, మోకాళ్లకు మేలు చేస్తే చేస్తుంది కూడా. నాకు పడనిది ఆ వాసన వెంట వచ్చే మా గద్వాల ఇల్లు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ చదువుకుంటూ పెద్దనాయన, పెద్దమ్మల దగ్గర నేనున్న ఇల్లు.

పెద్దనాయనకు మగ్గం మీద ఎంత పేరో, చిక్కులు తీయడంలో అంతకన్నా ఎక్కువ పేరు. వీధిలో ఎవరి పట్టు పడుగు చిక్కుపడినా ఆయనకే కబురొచ్చేది. వెళ్లి, ముందు చాయ్ తాగి, ఇంటివాళ్లను దూరంగా కూర్చోబెట్టి, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు ఆ పోగులను కాసేపు చూసి, అప్పుడు గోటి కొసతో మొదలుపెట్టేవాడు. కత్తెర మాటెత్తితే మండిపడేవాడు. "కోసుడు ఎవనికైనా వస్తది. చిక్కు తీసుడు రావాలె" అనేవాడు.

పెద్దమ్మ తన రొమ్ములో గడ్డ ఉందని ముందు నాకే చెప్పింది, తలకు నూనె రాయించుకుంటూ, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు. గద్వాలలో లేడీ డాక్టరు చూసి కర్నూలు పంపింది. అక్కడ సూది పరీక్ష చేసి క్యాన్సరన్నారు. తొందరగానే వచ్చారు, ఆపరేషన్ చేసి మందులు పెడితే బాగవుతారనీ అన్నారు. ఆ మాట ముగ్గురం విన్నాం. కానీ పరీక్ష చేసింది మగ డాక్టరు. తిరుగు బస్సులో పెద్దమ్మ మెడ దాకా కొంగు కప్పుకుని కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరాక, "ఇంకోపారి ఆ మొగాయన ముందర రైక ఇప్పను. సస్తే సస్త" అంది. పెద్దనాయన ఆలోచన అప్పటికే వేరే దారిన పోతోంది. "గడ్డంటే ఏంది? లోపల పడ్డ ముడి. ముడి పడ్డదని కోస్తరా?" అన్నాడు.

శ్రీరంగాపూర్ అవతల ఒక పల్లెలో గడ్డలు కరిగించే పెద్దమనిషి ఉన్నాడని ఎవరో చెప్పారు. వనపర్తి దాకా బస్సు, అక్కడినుంచి జీపు. ఆయన రైక విప్పమనలేదు. నాడి పట్టుకుని, వావిలాకుతో ఇంకేవో కలిపి నూరిన ముద్ద చేతిలో పెట్టాడు. పైసా ముట్టలేదు. "పైసలు తీస్కోనోడు అబద్ధమెందుకు చెప్తడు?" అని పెద్దనాయన జీపులో అందరికీ వినబడేలా అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది, నా డిగ్రీ చదువు ఏమాత్రం అడ్డు రాలేదు. ఇంట్లో పులుపు, వంకాయ, గోంగూర బంద్. పెద్దమ్మతో పాటు పెద్దనాయనా పథ్యం పట్టాడు. పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగని మనిషి చప్పిడి పప్పు తిని, జారిపోయే పంచె బిగించుకుంటూ మగ్గం గుంతలో దిగేవాడు. ముద్దను ఆముదంలో వెచ్చచేసి, పాత నూలు గుడ్డతో ఆయనే కట్టు కట్టేవాడు. అంత ప్రేమగా చేస్తున్న మనిషిని ఇదేం పని అని అడగడం నాకు చేతకాలేదు.

నెలలు గడిచాయి. చర్మం ఎర్రబడి, పగిలి, రసి కారింది. ఆ పెద్దమనిషి, "ఇసం బయటికొస్తుంది, మంచిదే" అన్నాడు. ముడి వదులవుతోందని పెద్దనాయన మురిసిపోయి వీధంతా చెప్పుకున్నాడు. చెయ్యి పైకెత్తలేక పెద్దమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టడం మానేసింది. సిగ్గుపడాల్సింది ఒకందుకైతే మేం సిగ్గుపడింది ఇంకొకందుకు. చుట్టాలొస్తే పుండు వాసన తెలియకుండా ఊదుబత్తీలు వెలిగించి చాయ్ ఇచ్చేవాళ్లం.

పెద్దనాయన మాట వడ్డేపల్లి దాకా పాకింది. ఒక పొద్దున అక్కడినుంచి ఒక రైతు తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెకూ గడ్డే. ఆపరేషన్‌కు రమ్మన్నారట. "మీ ఇంట్ల ఆకుమందుతోని నయమైతుందంట గద. ఆ ఊరేదో జర చెప్పు పెద్దయ్యా" అన్నాడు. ఆ పుండుకు రోజూ కట్టు మార్చేది పెద్దనాయనే. అవుననలేడు, కాదనలేడు. లోపల్నుంచి పెద్దమ్మ గోడ పట్టుకుని వచ్చింది. రైతును అవతలికి పొమ్మని కూడా అనలేదు. కొంగు తీసి, కట్టు విప్పింది.

"సూడు బిడ్డా. మా మాట ఇని ఆగం కాకు. దవాఖానకు పో. మొగ డాక్టరైతేంది" అంది.

రైతు భార్య ఏడుస్తూ పెద్దమ్మ కొంగు తనే సర్దింది. పెద్దనాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నమే పెద్దమ్మను కర్నూలు తీసుకెళ్లాం. డాక్టరు తిట్టలేదు, తిడితే బాగుండేది. నొప్పికి మాత్రం మందు రాసిచ్చాడు. పెద్దమ్మ పోయాక, చిక్కు తీయమని ఎవరొచ్చినా పెద్దనాయన చూపు ఆనడం లేదని చెప్పి పంపేవాడు. వడ్డేపల్లి ఆమె ఏమైందో తెలియదు. బతికే ఉంటుందని అనుకుంటాను, అనుకోకపోతే నాకు గడవదు.

నాకిప్పుడు అప్పటి పెద్దమ్మ వయసు. కాలం అన్నిటినీ మాన్పుతుందని అందరూ అంటారు, నేనూ అంటుంటాను. కానీ పెద్దమ్మను మాన్పగలిగిన కాలం కొద్దిగానే ఉండింది, దాన్ని మేం పథ్యం పట్టి మరీ గడిపేశాం.