ఎలుగుబంటి నౌకరి

మా ఇంటి మగవాళ్లందరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. బోరు మోటారు స్టార్ట్ కాలేదని మా నాయన దాన్ని గడ్డపారతో పొడిచి, ఆ ఏడు పంట మొత్తం ఎండబెట్టుకున్నాడు. మా అన్న పాండురంగం, నేను, అంటే ధనరాజ్, ఆ నాయనకే పుట్టాం. కాబట్టి నేను జంగప్పను గొడ్డలితో కొట్టానంటే మా ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎందుకు కొట్టానో చెప్పినప్పుడే నవ్వారు. కోతుల కోసం.

మా ఊరు నవాబుపేటకు దగ్గర. అన్నకు మూడెకరాలు, నాకు మూడెకరాలు, మధ్యలో ఒక గెట్టు. పొద్దున లేస్తే అడవి వైపు నుంచి యాభై అరవై కోతులు దిగుతాయి. అన్న పటాకులు కాలిస్తే అవి గెట్టు దాటి నా మక్కజొన్నలో పడేవి. నేను డబ్బా వాయిస్తే తిరిగి అన్న టమాటాల్లో పడేవి. కోతులు రెండు చోట్లా కడుపునిండా తిన్నాయి. మేమిద్దరం రెండేళ్లు మాట్లాడుకోకుండా, ఒకరి మీద ఒకరం కోతులను తోలుకుంటూ బతికాం. కోతిపుండు బ్రహ్మరాక్షసి అంటే ఏమిటో మమ్మల్ని చూస్తే తెలుస్తుంది.

అట్లా ఉండగా అన్న తాండూరు నుంచి జంగప్పను కూలికి తీసుకొచ్చాడు. పని ఏమిటంటే, ఎలుగుబంటి వేషం వేసుకుని చేనులో తిరగడం. బొచ్చు గుడ్డతో కుట్టిన మందమైన తొడుగు, దాని మీద పెద్ద తలకాయ. కోతులు దాన్ని చూస్తే అడ్డదిడ్డంగా పరుగెత్తేవి, అన్నీ నా చేలోకే.

మొదటిరోజు నాకు ఈ సంగతి తెలియదు. గెట్టు మీద ఎలుగుబంటి కనిపించేసరికి రాయి తీసి కొట్టాను. నుదుటికి తగిలింది. అది రెండు చేతులతో తలకాయ ఊడదీసింది. లోపల నెరిసిన మీసాల మనిషి, కనుబొమ్మ మీద నెత్తురు.

"కొట్టకు పటేలా, నేను మనిషినే" అన్నాడు.

నేను ఇంకో రాయి విసిరాను. అది భుజానికి తగిలింది.

"మొదటి రాయి గుడ్డెలుగు అనుకొని కొట్టినవ్, మంచిదే. మనిషిని అని చెప్పినంక రెండోది ఎందుకు కొట్టినవ్?"

"మా అన్న మనిషివి గనక."

జంగప్ప నెత్తురు తుడుచుకుంటూ నవ్వాడు. "అట్లయితే జర ఆగు, తలకాయ పెట్టుకుంట. అప్పుడు కొట్టు" అన్నాడు. ఇలాంటి వాణ్ణి ఏమనాలి, చెప్పండి. నా చేతిలో మూడో రాయి ఉండనే ఉంది. పారేసి ఇంటికి పోయాను.

జంగప్పకు యాభై దాటాయి. ఇరవై ఏళ్లు తాండూరు దగ్గర నాపరాళ్ల గనుల్లో బండలు కోశాడు. ఒకనాడు బండ జారి ఎడమ పాదం మీద పడింది. అప్పటి నుంచి కుంటే. కొన్నాళ్లకు నాకూ వాడికీ మాటలు కలిశాయి. వాడు మధ్యాహ్నం గెట్టు మీద కూర్చుని, పక్కన తలకాయ పెట్టుకుని, జొన్నరొట్టె తినేవాడు. నేను నా వైపు కూర్చునేవాణ్ణి.

"కాలు ఇరిగినంక ఏ మనిషీ నాకు పని ఇయ్యలే. కోతులే ఇచ్చినయ్" అనేవాడు. "గుడ్డెలుగు గూడ గిట్లనే నడుస్తదట. నా కుంటి నడకతోనే నౌకరి నడుస్తున్నది."

వాడు తిన్న దెబ్బలు ఒక పుస్తకానికి వస్తాయి. ఊరకుక్కలు తొడ కరిచాయి. పొరుగూరి వాళ్లు నిజం ఎలుగుబంటి అనుకుని కట్టెలతో తరిమి వీపు వాయగొట్టారు. నిజం తెలిశాక, భయపెట్టినందుకని ఇంకో నాలుగు వేశారు.

"నీకు కోపం రాదా?" అని అడిగాను.

"ఎందుకు రాదు? వస్తది. గని ఈ తలకాయ పెట్టుకొని ఎంత తిట్టినా బయటికి ఇనరాదు. నాకే ఇనవడ్తది. నా తిట్లు నేను ఇనుకుంటె నాకే నవ్వొస్తది."

ఈ మాటకు నేనూ నవ్వాను. నవ్వినంత మాత్రాన బుద్ధి వస్తుందా? రాలేదు.

భాద్రపదంలో కంకులు పాలు పోసుకునే వేళ, జంగప్ప తరిమిన గుంపు ఒక్కసారిగా నా చేలోకి దూకింది. నా భార్య రచన కట్టెతో అదిలించబోతే ఒక పెద్ద కోతి మీదపడి ముంజేతి కండ పీకేసింది. ఎముక తెల్లగా కనిపించింది. రచన అరుపు విన్నాక నాకు కళ్లు కనిపించలేదు. ఆమె చేతికి తువ్వాల చుట్టి, పక్కచేను వాళ్లతో ఆస్పత్రికి పంపి, గొడ్డలి తీసుకుని గెట్టు దాటాను.

అన్న గడ్డపారతో ఎదురొచ్చాడు. మాటల్లేవు. తిట్లు కూడా లేవు. గడ్డపార మొద్దువైపు నా దవడకు తగిలింది. రెండు పళ్లు నెత్తురుతో పాటు నోట్లోంచి పడ్డాయి. నేను కాలితో అన్న పొట్టలో తన్నాను. అన్న టమాటా సాళ్ల మధ్య వెల్లకిలా పడ్డాడు. నేను గొడ్డలి ఎత్తాను. దాచుకోవడానికేముంది, మెడకే గురిపెట్టాను. చంపుదామనే ఎత్తాను.

ఆ ఎలుగుబంటి కుంటుకుంటూ ఎప్పుడొచ్చిందో తెలియదు. అన్న మీద బోర్లా పడింది. దెబ్బ ఆగలేదు. బొచ్చు చీలి, లోపలి స్పాంజి చీలి, గొడ్డలి భుజంలో దిగింది. నల్లటి బొచ్చులోంచి నెత్తురు పొంగింది. కిందనుంచి అన్న, "అరేయ్, వాణ్ణి సంపినవురా" అన్నాడు. రెండేళ్ల తరువాత అన్న నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ముగ్గురం ఒకే ఆటోలో వికారాబాద్ పోయాం. జంగప్పకు నడుము దాకా ఎలుగుబంటి, నడుము పైన మనిషి. గాయం మీద తువ్వాల అదిమి పట్టింది అన్న. జంగప్ప తల నా ఒళ్లో ఉంది. నా నోట్లోంచి కారే నెత్తురు వాడి ముఖం మీద పడుతుంటే తుడుస్తూ ఏడ్చాను. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. మా పోరు తీర్చబోయి వీడు చస్తున్నాడని భయం. అప్పటికీ అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇరవై రెండు కుట్లు పడ్డాయి. ప్రాణం దక్కింది. అయితే చేయి లేవడం లేదు, లేస్తుందో లేదో ఆర్నెల్లు చూడాలన్నారు. సాయంత్రం కానిస్టేబుల్ రాసుకోవడానికి వచ్చాడు. ఎవరు కొట్టారని అడిగాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. జంగప్ప నా పేరు చెబితే నేను జైలుకు పోతాను. చెప్పడమే న్యాయం.

"మనిషిని ఎవ్వరు కొట్టలే సారూ. గుడ్డెలుగును కొట్టిర్రు" అన్నాడు జంగప్ప.

"గుడ్డెలుగును కొడితె ఇంకా పెద్ద కేసయితది ముసలోడా" అన్నాడు కానిస్టేబుల్.

"అట్లయితే రాసుకో సారూ, కోతుల కొట్లాటల నడుమ పడ్డ."

కానిస్టేబుల్ ఒకసారి నా దవడ వైపు చూసి, రేపొస్తానని పోయాడు. నేను మంచం దగ్గరికి పోయి జంగప్ప కాళ్లు పట్టుకోబోయాను. కుంటికాలు వెనక్కి లాక్కున్నాడు.

"కాళ్లు గీళ్లు వద్దు చిన్న పటేలా. రేపు పొద్దుగాల ఆ తొడుగు ఏస్కొని మీ అన్న చేన్ల నిలవడు. నేను లేచేదాక నీదే డ్యూటీ. ఆడ ఎవ్వరు లేకుంటె పెద్ద పటేలు ఇంకొకణ్ణి పెట్టుకుంటడు. నా నౌకరి పోతది. పేరు చెప్పాల్నో వద్దో నువ్వు చేసే పనిని బట్టి రేపు చూస్త."

"మా అన్న చేన్లనా? నన్ను సంపుతడు."

"సంపితె తలకాయ పెట్టుకోని సావు. ఎవ్వరు గుర్తువట్టరు."

మరునాడు రచన తొడుగు చిరిగిన చోట ఒంటిచేత్తో కుట్టింది. కుడుతున్నంతసేపూ నన్ను తిట్టింది. ఆ నెత్తుటి వాసన పోలేదు. వేసుకున్నాను. లోపల ఉడికిపోయాను. చూడటానికి రెండు చిల్లులు, అంతే. కోతులు వచ్చాయి. తరమాలి కదా, తరిమాను. ఎక్కడికి తరిమాననుకున్నారు? నా మక్కజొన్నలోకే. నా చేతులూపి, నా నోటితో అరిచి, నేను నాటిన పంట మీదికి నేనే తోలాను. లోపల నా తిట్లు నాకే గట్టిగా వినిపించాయి. నా నాయనను, అన్నను, కోతులను, అందరినీ తిట్టడం అయ్యాక నన్నూ తిట్టుకున్నాను.

కానిస్టేబుల్ మళ్లీ వస్తే జంగప్ప ఆ కోతుల మాటే చెప్పాడట. మూడో రోజు మధ్యాహ్నం అన్న వచ్చాడు. చేతిలో గడ్డపార. ఆ తొడుగులో పరుగెత్తడం కుదరదు. తలకాయ తీస్తే ముఖం కనిపిస్తుంది. ఇద్దరి మధ్య పడటానికి ఈసారి ఎవరూ లేరు. అన్న బారెడు దూరం దాకా వచ్చాడు. గడ్డపార ఎత్తి నేలలో గుచ్చాడు. గెట్టు మీద కూర్చుని, నా చేను వైపు చూస్తూ పిలిచాడు.

"జంగప్పా."

జంగప్ప ఆస్పత్రిలో ఉన్నాడని అన్నకు తెలుసు. పొద్దున వాడికి రొట్టెలు ఇచ్చి వచ్చింది అన్నే.

"మా తమ్ముని దవడ ఎట్లున్నదో ఎర్కనా నీకు?"

"జర వాపు దిగింది పెద్ద పటేలా" అన్నాను.

"అన్నం తింటున్నడా?"

"లేదు. జావనే తాగుతున్నడు."

అన్న ఒక మట్టిపెళ్ల తీసి నలిపాడు. "గడ్డపార ఎత్తినప్పుడు నాకు వాని మొఖం కనవడలే జంగప్పా. కోతి మొఖమే కనవడ్డది" అన్నాడు.

"వానికి గూడ నువ్వు గట్లనే కనవడ్డవట" అన్నాను.

అన్న తల తిప్పి, చిల్లుల్లోంచి నా కళ్లలోకి చూశాడు. పెదవులు వణికాయి. అది ఏడుపో నవ్వో నాకు అర్థమయ్యేలోపే లోపల నాకు నవ్వొచ్చింది. నవ్వితే దవడ ప్రాణం పోయినంత పీకింది.