తెల్లకోటు అడిగితే ఒక జవాబు, మా అత్త అడిగితే ఒక జవాబు

ఆ రోజుల్లో ఆస్పత్రి నుంచి ఇంటికి చేరినవాణ్ణి “ఎట్లా చూశారు?” అని అడిగేది పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, మర్నాడు పొద్దున పాలు పోయటానికి వచ్చే మనిషి. ఆస్పత్రే కాగితమూ పెన్సిలూ పట్టుకుని “మేము మిమ్మల్ని ఎట్లా చూశాం?” అని అడగటం మా పాండిచ్చేరిలో అప్పుడప్పుడే మొదలైంది. అడిగితే జవాబు వస్తుంది, అందులో కష్టమేముంది అనుకునేవాణ్ణి. జవాబు వచ్చేమాట నిజమే. ఎవరడిగితే వాళ్ళకు తగిన జవాబు వస్తుంది. ఈ సంగతి లోకంలో అందరికంటే ముందు కనిపెట్టింది నేనేనని మా మనవలకు చాలాసార్లు చెప్పాను. (అందరికంటే ముందు కాదు. నాకంటే ముందు సోలై నగర్‌లో చేపలమ్ముకునే ఒకావిడకు తెలుసు. ఆమె చెప్పిందాకా నాకు తెలియదు.)

పంతొమ్మిదివందల ఎనభై దాటిన కొత్తలో మాట. నాకు ఇరవై రెండేళ్ళు. ఊళ్ళో ఒక ఆస్పత్రిలో (పేరు రాయను, ఇప్పుడక్కడ ఉన్నవాళ్ళు నాకేం అపకారం చేయలేదు) పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండేవాణ్ణి. కొంచెం ఎక్కువ చెప్పాను. పరిశోధన విభాగమంటే మెట్ల కింద ఒక బల్ల, ఒక టైపు మిషను, నేను. అధిపతి అంటే తాత్కాలికపు టైపు గుమాస్తా. ఏడాది తిరిగేసరికి పని నచ్చితే ఖాయం చేస్తామన్నారు. మా నాన్నకు ఊళ్ళోనే సారం అనే పేటలో ఇనప సామాన్ల అంగడి. ఖాయం కాకపోతే నేను పోయి మేకులు తూకం వేయాలి. నా తరఫున ఉన్న ఆపద అంతే.

మొదటి సర్వే ఆస్పత్రిలోనే జరిగింది. వైద్యం ఎట్లా ఉంది, నర్సులు ఎట్లా మాట్లాడారు, శుభ్రం ఎట్లా ఉంది అని అడిగి, తృప్తి, కొంత తృప్తి, అసంతృప్తి అనే మూడు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. మాత్రలిచ్చే కిటికీ దగ్గర నిలబడ్డాను. జనం మాత్రలు తీసుకుని బస్సుకు పరుగెత్తుతున్నారు, నాకెవరూ చిక్కటం లేదు. అప్పుడు నాకొక గొప్ప పద్ధతి తోచింది. లాబులో అటెండరు దగ్గర ఒక తెల్లకోటు అడిగి తొడుక్కుని, వరసలో ఉన్నవాళ్ళ మందు చీటీలు ముందుగానే నా చేతిలోకి తీసుకుని, ప్రశ్నలన్నీ అయ్యాక తిరిగి ఇచ్చేవాణ్ణి. ఒక్కరూ పారిపోలేదు. ఇంచుమించు అందరూ అన్నిటికీ తృప్తి అన్నారు. ఒక ముసలాయనైతే నేను అడగకముందే మూడుసార్లు తృప్తి అన్నాడు. ఆస్పత్రి పెద్ద డాక్టరు కాగితాలు చూసి సంతోషించి, మరీ ఇంత తృప్తి ఏమిటా అని కొంచెం అనుమానపడ్డాడు కూడా. “ఇండ్లకు పోయి అడుగు తంబీ” అన్నాడు. అదే రెండో సర్వే.

సైకిలేసుకుని ముత్యాలపేట దాటి సోలై నగర్ చేరాను. మగవాళ్ళు సముద్రం మీద చేపల వేటకు పోయారు, ఆడవాళ్ళు నన్ను చూసి లోపలికి పోయారు. రెండురోజులు తిరిగితే ఒక కుక్క తప్ప నన్నెవరూ పలకరించలేదు. మా ఇంట్లోనే ఉండే మేనత్త ఖాళీ కాగితాలు చూసింది.

“పొద్దునించి యాడ తిరిగినావురా, ఒక్కటి గూడా నిండలేదే?”

“ఆడవాళ్ళు మాట్లాడరంటారు అత్తా.”

“నువ్వు అడిగేది అట్టుండాది. తృప్తా, అసంతృప్తా అంటే పెండ్లి భోజనమా ఏంది? రేపు నేనొస్తా పద.”

వచ్చింది. ఒక గడప మీద కూర్చుని, ఆ ఇంటావిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, “అయ్యో, ఇంత చిక్కిపోయినావే. ఏం చేసినారు నిన్ను ఆ ఆస్పత్రిలో?” అని మొదలుపెట్టింది. (అక్కడ మాటలన్నీ తమిళంలోనే జరిగాయి. నేను మా ఇంటి తెలుగులోకి దించి రాస్తున్నాను.) అంతే, ఇరుగు పొరుగు చేరారు. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు రెండు కలిపారు. మా అత్త ప్రతి మాటకూ గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చుని తాటిముంజలు తింటూ, అసంతృప్తి గడిలో టిక్కులు పెట్టాను. వారంరోజుల పని రెండు పూటల్లో అయిపోయింది.

ఇక్కడొక సంగతి దాచాను. ఆడవాళ్ళ వార్డుకు ఒక పెద్ద సిస్టరు ఉండేది. అంతకు ముందు ఏడాది మా అమ్మకు జ్వరమొచ్చి ఆ వార్డులో ఉన్నప్పుడు, గంట కొట్టాక కూడా మా అత్త కదలకుండా కబుర్లు చెబుతుంటే, “చూసేవాళ్ళ టైము అయిపోయింది, లేవండమ్మా” అని అత్త కింద ఉన్న స్టూలు తీసి పక్కన పెట్టింది. మా అత్త ఆ స్టూలును మరిచిపోలేదు. సోలై నగర్‌లో ప్రతి గడప మీదా, “ఆ సిస్టరు కసురుకుంటాదే, నిన్ను గూడా కసిరిందా?” అని తానే అందించింది. నేను విన్నాను. వింటూనే ముంజలు తిన్నాను.

పెద్ద డాక్టరు రెండు కట్టలూ నా బల్ల మీద పెట్టాడు. “ఒకటి చూస్తే మనది స్వర్గం, ఒకటి చూస్తే నరకం. రెంటినీ పోల్చి ఏది నమ్మదగిందో విమర్శించి రాయి. సోమవారం పైవాళ్ళు వస్తారు. రెండోదే నిజమైతే ఆ సిస్టరును కారైక్కాల్‌కు మార్చమంటున్నారు.” కారైక్కాల్ అంటే సగంరోజు బస్సు ప్రయాణం. సిస్టరుకు ఇక్కడ లాస్‌పేటలో మంచాన పడ్డ తల్లి. డ్యూటీ దిగగానే పోయి ఆమెకు అన్నం తినిపించాలి. ఈ సంగతి ఆస్పత్రిలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రెంటినీ పోల్చటానికి పద్నాలుగు దేశాల పరిశోధనలు చదివానని తర్వాత చెప్పుకున్నాను. చదివింది లైబ్రరీలో ఒక పత్రిక, అందులోనూ రెండు వ్యాసాలు, వాటిలోనూ చివరి పేజీలు. అవి చాలు. ఎంపిక సరిగా లేదు, ఋతువు వేరు, ప్రశ్నల వరస వేరు అంటూ పన్నెండు పేజీలు బిగించాను. ప్రపంచంలో ఉన్న లోపాలన్నీ అందులో ఉన్నాయి, కోటూ అత్తా తప్ప. ముగింపు మాత్రం ఎటు రాయాలో తోచలేదు. మొదటిది తప్పంటే చీటీలు గుంజుకున్నదెవరని అడుగుతారు. రెండోది తప్పంటే పడవ నీడలో కూర్చున్నదెవరని అడుగుతారు. రెండు చోట్లా నేనే. రెండోదే ఒప్పని రాసేస్తే నన్నెవరూ ఏమీ అడగరు, సిస్టరు కారైక్కాల్ బస్సెక్కుతుంది. కాగితాలు నేలమీద పరిచి చూస్తుంటే రెండు కట్టల్లోనూ ఒకే మనిషి కనిపించింది. సోలై నగర్, చేపల వ్యాపారం, ఎడమ పాదానికి కుట్లు. ఒక కాగితంలో అన్నిటికీ తృప్తి, ఇంకో కాగితంలో దేనికీ లేదు. ఈసారి కోటు లేకుండా, అత్త లేకుండా, శనివారం మధ్యాహ్నం పోయాను.

ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. చుట్టూ ఎవరూ లేరు. అక్కా అని పలకరించాను.

“ఆస్పత్రిలో అంతా బాగుందని ఎందుకు చెప్పినావక్కా?”

“నా మందు చీటీ నీ చేతిలో ఉన్నింది గదా తంబీ. కోటేసుకుని నిలబడుకోనుంటే డాక్టరుకు తమ్ముడేమో అనుకుంటి. బాగలేదంటే నువ్వు చీటీ ఇయ్యకపోతే?”

“మరి ఇంటికాడ?”

“ఇంటికాడ మీ అత్త అంత ఆశగా అడిగె. చుట్టూ ఊరంతా కూచోనుండారు. నన్ను రాణి మాదిరి చూసినారని చెప్తే వీళ్ళ కండ్లన్నీ నా కాలి మీద పడవా? దిష్టి తగిలి కుట్లు విడిపోతే మళ్ళా యాడికి పోయేది?”

“సరే, నిజం ఏంది?”

ఆవిడ చేపను తిప్పి రెండోవైపు పొలుసు తీసింది. “ఇప్పుడు దేనికి అడగతా ఉండావు, అది చెప్పు ముందు.”

“మీరు చెప్పింది చూసి ఆ సిస్టరమ్మను కారైక్కాల్‌కు పంపిస్తారంట.”

చేతిలో పని ఆగింది. “ఆయమ్మనా? ఆయమ్మ నాకు కాఫీ తాపించె. నన్ను చూసేదానికొచ్చిన నా బిడ్డకు తల దువ్వి పంపించె. కసిరిందా అని మీ అత్తే అడిగె, మీ అత్తే అవుననె. నేను తల ఊపితి.” చేపను బుట్టలో వేసింది. “నా బాధ వేరే తంబీ. మూడుదినాలు పండుకోనుంటి. దినామూ ముగ్గురు నలుగురొచ్చి కట్టు విప్పి చూసి, వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుని పోతారు. కాలు ఉంటాదా, తీసేస్తారా, ఒక్కరు నాతో చెప్పలా. కాలు లేకుంటే ఈ బుట్ట ఎట్ట మోసేది? మూడు దినాలూ అదే నా తలకాయలో. అది నువ్వూ అడగలా, మీ అత్తా అడగలా.”

కాగితం ముందూ వెనకా తిప్పి చూశాను. దానికి గడి లేదు.

సోమవారం పైవాళ్ళ సభలో లేచి నిలబడి, బల్ల గుద్ది, సిస్టరును కాపాడానని నలభై ఏళ్ళుగా చెప్పుకొస్తున్నాను. ఆ సభ గదిలోకి నన్ను రానివ్వనేలేదు. జరిగింది అంతకు గంట ముందు, ఆస్పత్రి సైకిళ్ళ షెడ్డు దగ్గర. అప్పుడే వచ్చిన పెద్ద డాక్టరు స్కూటరుకు స్టాండు వేస్తున్నాడు. పన్నెండు పేజీలూ ఆయన చేతికిచ్చి, ఆయన చదవటం మొదలుపెట్టకముందే అనేశాను.

“సార్, రెండో సర్వే నేను చేయలేదు. మా అత్త చేసింది.”

ఆయన కాగితాలు చంకలో పెట్టుకున్నాడు. “మొదటిది?”

“అది కోటు చేసింది సార్.”

అంతా చెప్పాను, చీటీల సంగతి, స్టూలు సంగతి, ముంజల సంగతి. నవ్వుతాడేమో అనుకున్నాను, తిడతాడేమో అనుకున్నాను. చేపలావిడ కాలి సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన కళ్ళద్దాలు తీశాడు. “ఆ కాలు చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను” అన్నాడు. తర్వాత పన్నెండు పేజీలూ నాకు తిరిగిచ్చి, “ఇవి అక్కర్లేదు. ఇప్పుడు చెప్పింది ఒక పేజీలో టైపు చెయ్యి, అందరికీ ఒక్కొక్క కాపీ తియ్యి” అన్నాడు. రెండవ అధ్యయనంలో ప్రశ్నలడిగినది పరిశోధకుని మేనత్త అన్న వాక్యాన్ని నా వేళ్ళతోనే స్టెన్సిలు మీద కొట్టి, సిరా పూసి, సైక్లోస్టైలు మిషను చక్రం తిప్పి, ఇరవై కాపీలు తీశాను. ఇరవైలోనూ అచ్చు స్పష్టంగా పడింది.

సిస్టరు కారైక్కాల్‌కు పోలేదు. సంగతి తెలిసి నన్ను వార్డు గుమ్మం దగ్గరకు పిలిచి, “ఈసారి మీ అత్త వస్తే గంట కొట్టాక కూడా స్టూలు వేస్తానని చెప్పు” అంది. చెప్పాను. “చూసినావా, నేను నలుగురిలో అడగబట్టే దారికొచ్చింది” అంది మా అత్త. డాక్టరు ఆ తర్వాత మంచాల దగ్గర ఇంగ్లీషు తగ్గించాడని విన్నాను. ఎంతకాలం తగ్గించాడో తెలియదు, అప్పటికి నేను సారంలో మేకులు తూకం వేస్తున్నాను. నిజం చెప్పినందుకు నా ఉద్యోగం పోయిందని అంగడికొచ్చినవాళ్ళకు చెప్పేవాణ్ణి. ఉద్యోగం పోయింది నా టైపులో తప్పులకు. ఆ ఒక్క వాక్యమే నేను తప్పు లేకుండా కొట్టింది.

పోయిన నెల నాకు కంటి ఆపరేషన్ జరిగింది. ఇంటికి పంపే ముందు ఒక అమ్మాయి కాగితం పట్టుకుని మంచం పక్కకు వచ్చింది. “తాతా, మా సేవలు ఎలా ఉన్నాయి?” ఆ అమ్మాయికి చెప్పటానికి నా దగ్గర ఎంత ఉందో ఆలోచించండి. కోటు గురించి చెప్పాలి, గడి లేని ప్రశ్న గురించి చెప్పాలి, కట్టు విప్పేదాకా ఈ కన్ను కనిపిస్తుందో లేదో ఎవరూ చెప్పక రెండు రాత్రులు నేను లెక్కపెట్టిన ఫాను చప్పుడు గురించి చెప్పాలి. నోరు తెరిచాను. ఆ అమ్మాయి చేతిలో ప్రశ్నల కాగితం కింద, నన్ను ఇంటికి పంపే చీటీ కనబడింది.

“అన్నీ తృప్తి అమ్మా” అన్నాను.

సాయంత్రం పక్కింటావిడ వచ్చి, “ఎట్టా చూసినారు అన్నా?” అని అడిగింది. కొత్త కంటికి ఆమె మొహం ముడతలతో సహా స్పష్టంగా కనిపిస్తోంది. “ఏం చూసినారో ఏమో తల్లీ, అంతా మసకమసకగా ఉండాది” అన్నాను.