సఫారీకి గోంగూర

అమెరికా వచ్చాక నేను వేటాడినదల్లా పార్కింగ్ చోటునే. అలాంటి నన్ను, ఫొటోలు తియ్యడానికి తన ఆఫ్రికా వేటకి రమ్మన్నారు, పశ్చిమ టెక్సాస్‌లో ఉండే ప్రసాద్ అంకుల్. ప్రయాణానికి ముందురోజు మా ఊరు ఫ్రిస్కో నుంచి వాళ్లింటికి వెళ్లాను. ఆయన కౌబాయ్ బూట్లతో ఎదురొచ్చి, ముందు నా పెట్టె తెరిపించారు.

“పెళ్లికి సర్దావేంట్రా? అడవిలోకెళ్లేది చిన్న ఫ్లైట్. మెత్తటి బ్యాగ్ ఒక్కటే, అదీ పదిహేను కిలోలు.”

నా నీలం చొక్కాలన్నీ పక్కన పడేశారు. “బ్లూ కనిపిస్తే నెత్తురు తాగే సెట్సీ ఈగలు వెతుక్కుంటూ వచ్చి కుడతాయి. క్యాంప్‌లో రోజూ లాండ్రీ చేస్తారు, మూడు జతలు చాలు.”

ఆ మూడు జతలూ, కెమెరా సరంజామా పెట్టేసరికే తూకం సరిపోయింది. టవల్లో చుట్టిన గోంగూర పచ్చడి సీసా బయటే మిగిలింది. అది లేకపోతే అక్కడ నాకు ముద్ద దిగదు.

“ఇదీ వదిలెయ్యాలా అంకుల్?”

రైఫిల్ తుడుస్తున్న ఆయన చేతులు కడుక్కొచ్చి, మూత తీసి వాసన చూశారు. అంత పెద్ద వేటగాడూ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. తర్వాత తన బ్యాగ్‌లోంచి రెయిన్‌కోటు లాగి సోఫా మీదికి విసిరి, ఆ ఖాళీలో సీసాని పడుకోబెట్టారు.

“వాన పడితే తడుద్దాంలేరా,” అన్నారు.