జొన్నపిండిలో గిటారు కొలత

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఉదయం ఆరింటి లోకల్ రైలు ఎక్కేటప్పటికి నా భుజాన ఒక సంచి, సంచిలో ఉప్మా డబ్బా, డబ్బా కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉన్నాయి. ఆ కాగితంలో ఒక గిటారు కొలతలున్నాయి. మెడ వెడల్పు, మందం, తీగల పొడవు, అన్నీ మిల్లీమీటర్లతో సహా రాసుకున్నాను. చేయించుకోబోయే గిటారు అచ్చం అలాగే ఉండాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోనని నా పంతం. నాకు ఓపిక తక్కువ, ముందే చెప్తున్నాను.

కొట్లో కొనుక్కోక ఈ తిప్పలెందుకంటారా? నేను స్కూల్లో సంగీతం టీచర్ని. ఇరవై ఏళ్లు గిటారు వాయించాను. రెండేళ్ల కిందట మా అపార్టుమెంటు లిఫ్టు గేటులో నా ఎడమచెయ్యి పడింది. ఉంగరం వేలి పై కణుపు పోయింది. చిటికెన వేలు ఉందంటే ఉంది, సరిగ్గా వంగదు. "ఎడమచెయ్యే కదా, అన్నం తినే చెయ్యి కాదు కదా" అని ఓదార్చినవాళ్లు బోలెడుమంది. తీగలు నొక్కేది ఆ చెయ్యేనని ఎందరికని చెప్పను! కోపంలో నా గిటారును ఒక పాత స్టూడెంటుకు ఇచ్చేశాను. ఆర్నెల్లకే పశ్చాత్తాపం మొదలైంది. ఇచ్చిన వస్తువును తిరిగి అడగడానికి మొహం చెల్లలేదు. స్కేలు పట్టుకుని వాళ్లింటికి పోయి కొలతలు మాత్రం తెచ్చుకున్నాను. అదే గిటారు మళ్లీ ఒళ్లోకి వస్తే చెయ్యి దానంతటదే దారిలో పడుతుందని నా నమ్మకం.

చిరాగ్‌పల్లిలో వడ్ల వీరేశం అనే ఆయన గిటార్లు చేస్తాడని చెప్పింది కూడా ఆ స్టూడెంటే. వాళ్ల చర్చి గిటారు ఆయన చేసిందేనట. ఇది ఆఖరి ప్రయత్నం. కుదరకపోతే వచ్చే ఏడాది నుంచి పాటల క్లాసు మాత్రమే తీసుకుంటానని మా ప్రిన్సిపాల్‌తో చెప్పి మరీ బయల్దేరాను.

ఏడింటికి ముందే లింగంపల్లిలో దిగాను. ఏడూ ఇరవైకి జహీరాబాద్ బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ ఇస్తారు. కార్డు మరిచిపోకండి, కండక్టర్లు మొహమాటపడరు. నా ఎడమచెయ్యి ఎప్పట్లాగే చున్నీ కింద ఉంది. ఒక్క కుడిచేత్తో సంచీ, కార్డూ, టికెట్టూ చూసుకోబోయి కార్డు కింద పడేశాను. పక్కసీటు పెద్దాయన వంగి తీసిచ్చాడు. రాయికోడ్ రైతట, కూతురింటి నుంచి తిరిగిపోతున్నాడు.

"ఏడికి బిడ్డా?"

"చిరాగ్‌పల్లికండీ. గిటారు చేయించుకోవడానికి."

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "జహీరాబాద్‌ల ట్రాక్టర్లు జేస్తరని తెల్సు. గిటార్లు ఎప్పటి సంది జేస్తున్నరు?"

సంగారెడ్డి దాటేదాకా ఆయన ఆ ముక్క తలుచుకుని నవ్వుతూనే ఉన్నాడు. సదాశివపేట దగ్గర నేను ఉప్మా తిన్నాను. ఆయనకూ పెట్టబోతే షుగరని వద్దన్నాడు, మళ్లీ రెండు స్పూన్లు తిన్నాడు. తర్వాత రోడ్డుకు అటూ ఇటూ చెరకు తోటలు మొదలయ్యాయి. ముంబై లారీల వెనక మా బస్సు మెల్లగా పోయింది.

తొమ్మిదిన్నరకు జహీరాబాద్. బస్టాండు బయట చాయ్ బాగుంటుంది, సమోసా అంతంతమాత్రం. చిరాగ్‌పల్లికి షేర్ ఆటో ఎక్కండి, నిండేదాకా కదలదు. నా ఆటోలో నాకంటే అల్లం బస్తాలే ఎక్కువ చోటు ఆక్రమించాయి. పదీ పావుకి హైవే పక్కన దిగి, "గిటార్ల వీరేశం ఇల్లెక్కడ?" అని అడిగితే టైర్ల పంక్చర్ అతను పని ఆపకుండానే గడ్డంతో దారి చూపించాడు.

ఇంటికి ఆనుకుని రేకుల షెడ్డు. ముందు రెండు తలుపు చట్రాలు, ఒక మంచం, పారలకు పిడిగా వేసే మూడు కామలు ఆనించి ఉన్నాయి. లోపల దండెం మీద బట్టలు వేలాడదీసినట్టు నాలుగు గిటారు బాడీలు వేలాడుతున్నాయి. వీరేశం గారికి అరవై దాటి ఉంటాయి. చెవి వెనక పెన్సిలు, మోకాళ్ల దాకా చెక్కపొట్టు. నన్ను కూర్చోబెట్టి, భార్య యాదమ్మకు చాయ్ అని కేకేసి, తన కథ చెప్పాడు. తాతల నాటి నుంచి నాగళ్లు, బండ్లు చేసిన ఇల్లు. ట్రాక్టర్లొచ్చాక నాగళ్లు పోయాయి. తలుపులు చేసుకుంటూ ఉంటే చర్చివాళ్లు మెడ విరిగిన గిటారొకటి బాగుకు తెచ్చారు. దాన్ని పూర్తిగా విప్పి, మూడు నెలలు తిరిగివ్వలేదట. వాళ్లు వచ్చి కొట్లాడితే, పాతదానితో పాటు కొత్తది ఒకటి చేతిలో పెట్టాడు.

"మీకు వాయించడం వచ్చా?" అన్నాను.

"నాకెందుకొస్తది? గొడ్డలికి కామ వెట్టినోన్ని కట్టెలు గొట్టుమంటవా?"

ఆయన పాత ఇళ్ల టేకు తలుపులు కొని వెనక పలకలకు వాడతాడు. ముందు పలక చెక్క ముంబై నుంచి లారీలో వస్తుంది. ఒక్కో పలకను రెండు వేళ్లతో వేలాడదీసి, బొటనవేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. నచ్చనిది పక్కన పడేసి "తలుపుకు పనికొస్తది" అంటాడు. నాకు రెండు పలకలు వినిపించాడు. తేడా స్పష్టంగా తెలిసింది. ఇరవై ఏళ్లు గిటారు పట్టుకున్నాను గానీ ఒట్టి చెక్క పలికే పలుకు అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదని సిగ్గేసింది.

నా కాగితం ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాడు.

"కాయిదం మంచిగున్నది. చెయ్యి ఏది?"

"కొలతలన్నీ అందులోనే ఉన్నాయి కదండీ."

ఆయన నా చున్నీ వైపు చూశాడు. లేచి వంటింట్లోకి వెళ్లాడు. లోపల్నుంచి యాదమ్మ గొంతు వినిపించింది. "అగో, మల్ల నా పిండి మీద పడ్డవా! రొట్టెలకు తక్కువైతె నువ్వు ఉపాసముండు!"

గుప్పెడు జొన్నపిండి ముద్దతో తిరిగొచ్చి, గిటారు మెడంత కర్ర చుట్టూ దాన్ని మందంగా అద్దాడు. వాళ్ల నాన్న పారకు గానీ గొడ్డలికి గానీ కామ చెయ్యాలంటే, పట్టుకునేవాడి చేత ముందు పిండి పట్టించేవాడట. పిండిలో ఏ వేలు ఎంత దిగిందో చూసి కట్టె చెక్కేవాడు. గోడకున్న పలక మీద ఎండిపోయిన ముద్దలు వరసగా ఉన్నాయి, పక్కనే పెన్సిలుతో పేర్లు. ఎలుకలు కొరికినవి కొరకగా మిగిలినవట అవి. సగం గిటార్లవాళ్లవి, సగం చెరకు కొట్టేవాళ్లవి.

"నీకు మస్తు కష్టమైన పట్టు ఏదుంటదో, అది వట్టు."

ఎఫ్ కార్డ్ పట్టాను, వేళ్లన్నీ ఒకేసారి తీగలు నొక్కాల్సిన పట్టు అది. చున్నీ తియ్యకుండా, దాని కిందే పట్టాను. అంత మొండిదాన్ని. చెయ్యి తీశాక ఆయన కర్రను వెలుతురులో పెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు లోతుగా దిగాయి. ఉంగరం వేలి దగ్గర పక్కకు జారిన చిన్న గీత. చిటికెన వేలి చోటు నున్నగా ఉంది. రెండేళ్లుగా చున్నీ కింద దాచిందంతా ఆ పిండిలో నలుగురికీ కనబడేలా పడింది.

ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చాడు. "గిది నీ పాత చేతి కొలత బిడ్డా. ఆ చెయ్యి నా దగ్గరికి రాలె. గిప్పుడొచ్చిన చేతికైతె జేస్త."

నాకు ఒళ్లు మండింది. "నాకు నా పాత గిటారే కావాలి. చేస్తారా, చెయ్యరా?"

"జెయ్య."

అంతే. బతిమాలడం లేదు, నచ్చజెప్పడం లేదు. సంచి భుజానేసుకుని లేచాను. పొద్దున్నుంచి పడ్డ తిప్పలన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. గుమ్మం దాటబోతుంటే యాదమ్మ అడ్డం వచ్చింది.

"గిటారు లేకుంటె మాయె, రొట్టె తిని పో. అన్నం యాళ్లకొచ్చి ఉత్తగనే పోతరా?"

పన్నెండున్నరకు వంటింట్లో పీట మీద కూర్చున్నాను. పొయ్యి మీంచి దించిన జొన్న రొట్టె, పప్పు, అల్లం తొక్కు. అల్లం తొక్కు గురించి విడిగా ఒక వ్యాసం రాయొచ్చు. నేను వంగి తింటుంటే చున్నీ పప్పులోకి జారింది.

"గా చున్నీ తీసి అవతల వెట్టరాదు!" అంటూ యాదమ్మ తనే లాగేసింది. నా చెయ్యి బయటపడింది. ఆమె చూసింది. "వేలు వోయిందా? అయ్యో" అని, ఇంకో రొట్టె నా కంచంలో వేసి, "ఆ చేత్తోని రొట్టె వట్టుకో, ఈ చేత్తోని తుంపు. ఒక్క చేత్తోని ఎన్నడు తింటవు?" అంది.

నేను అలాగే చేశాను. రొట్టె వేడికి ఉంగరం వేలి మొండి చురుక్కుమంది. అక్కడే, కంచం ముందే, వెక్కి వెక్కి ఏడ్చాను. "నాకు మళ్లీ వాయించాలనుందమ్మా" అన్నాను. రెండేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. యాదమ్మ షెడ్డు వైపు తిరిగి, "ఇంటున్నవా? వాయిస్తదట. చెయ్యి!" అని అరిచింది.

ఒంటి గంట నుంచి దాదాపు రెండు గంటలు ఆయన పక్కనే కూర్చుని చూశాను. ఈసారి చెయ్యి బయటే ఉంది. పిండి ముద్దను ఎదురుగా పెట్టుకుని టేకు ముక్కను చెక్కుతూ, నాలుగు దెబ్బలకోసారి నా చేతికిచ్చి పట్టిస్తూ, మళ్లీ తీసుకుని చెక్కాడు. బొటనవేలు ఆనేచోట మందంగా ఉంచాడు, వేళ్లు తిరిగే వైపు పల్చగా తీశాడు. నా కాగితంలోని వెడల్పు కంటే బాగా తగ్గించాడు, పొడవూ తగ్గించాడు. నా చేతికి తప్ప ఇంకెవరి చేతికీ సరిపడని ఒక వంకర మెడ తయారైంది. ముందువైపు పెన్సిలుతో తీగల చోట ఆరు గీతలు గీసి, నా చేతిలో పెట్టాడు. జీ కార్డ్ పట్టాను. పొట్టి ఉంగరం వేలు వెళ్లి గీత మీద కూర్చుంది.

"అందింది" అన్నాను.

"అందక ఏడికి వోతది?" అన్నాడు ఆయన, పొట్టు దులుపుకుంటూ. ఇంత పనిమంతుణ్ని నేను మళ్లీ చూస్తానో లేదో!

ఆర్డరు పద్ధతి ఇది, వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి. ఆ ఉత్త మెడను పదిహేను రోజులు వెంట ఉంచుకోవాలి. తీగలుండవు, చప్పుడుండదు. కూర్చున్నా నిలబడ్డా పట్టుకుంటూ, చేతికి ఎక్కడ నొప్పి పుడితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టాలి. గీతలు లేకుండా తెస్తే ఆయన తిప్పి పంపేస్తాడు. అడ్వాన్సు కూడా అది తిరిగొచ్చాకే. నేను ఎంచుకున్న టేకు పలక వెనక నా పేరు రాసి, చెవి వెనక పెన్సిలు తీసి నాకిచ్చాడు.

నాలుగూ ఇరవైకి జహీరాబాద్‌లో తిరుగు బస్సు. కిటికీ సీటు దొరికింది. మెడను ఒళ్లో పెట్టుకుని జీ, సీ, డీ మారుస్తూ కూర్చున్నాను. పక్కన కూరగాయల గంపతో ఒకావిడ కూర్చుంది.

"గదేం కట్టె అక్కా?"

"గిటారు మెడ. నాకు చేస్తున్నారు."

"గా వేలేమైంది?"

"లిఫ్టు గేటులో పడింది. రెండేళ్లయింది." అంత మామూలుగా చెప్పేసినందుకు నాకే ఆశ్చర్యమేసింది.

"మరి ఎట్ల వాయిస్తవ్?"

"ఇదిగో, ఇట్లా" అని పట్టి చూపించాను. ఆమె కాసేపు వేళ్లు చూసి, "చప్పుడొస్తలేదు గదా, నోటితోనన్న పాడు" అంది. స్కూల్లో పిల్లలకు నేర్పే చిన్న పాట సన్నగా అందుకున్నాను, వేళ్లు మారుస్తూ. కండక్టర్ వచ్చి ఆధార్ అడిగాడు. కుడిచెయ్యి కర్ర మీద తాళం వేస్తోంది, అందుకని ఎడమచేత్తో కార్డు తీసిచ్చాను. అతను టికెట్ కొట్టి ముందు సీటుకు పోయాడు.

చిరాగ్‌పల్లి నుంచి నేను గిటారు తేలేదు, అది ఇంకా పలకగానే ఉంది. కానీ వెళ్లినందుకు వెయ్యిసార్లు సంతోషం. మీరూ వెళ్తే కొలతల కాగితం ఇంట్లో పెట్టి వెళ్లండి, యాదమ్మ చేతి రొట్టె తినకుండా మాత్రం రాకండి.

పటాన్‌చెరు ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడు ఉంగరం వేలి కింద సన్నగా సలిపింది. నాకు బాగా గుర్తున్న నొప్పే. సెలవుల తర్వాత గిటారు పట్టిన మొదటి రోజు వచ్చే నొప్పి. పెన్సిలు తీసి ఆ చోట గీత పెట్టాను. నొప్పి పుట్టిందంటే, నేను వాయించానన్నమాట.