బోల్టు మీద ఎర్ర గీత

అందరూ బాగున్నారా? పెద్దవాళ్ళకు మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? చంటిబిడ్డలకు ఈ చలిగాలికి దగ్గు పట్టలేదు కదా? రోడ్డెక్కి బండ్లు తోలే బిడ్డలు వేళకు ఇల్లు చేరుతున్నారా? ఇవన్నీ అడిగితే గానీ నాకు మాట ముందుకు సాగదు. అల్లూరులో మా తోడికోడలు పోయింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఫోను మా అబ్బాయికి వచ్చింది. వాడు అన్నం పళ్ళెం ముందు కూర్చుని "పెద్దమ్మా" అని ఏడుస్తుంటే, నేను పోతే వీడు ఇంత ఏడుస్తాడా అనిపించింది. చావు కబురు విన్నప్పుడూ నాకు ఆమె మీద కుళ్ళే.

కుళ్ళు ఉండదా మరి? బావగారికి అల్లూరులో బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక బిగింపు పనులన్నీ ఆమె చేతికి వచ్చాయి. నేను ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. మావాడు బోగోలు నుంచి రొయ్యల పెట్టెలు వేసుకొని చెన్నై దాకా తోలుతాడు. "బ్రేకులు చూసుకో నాయనా, మెల్లగా పో నాయనా" అని నేను గుమ్మంలో నిలబడి మొత్తుకుంటే తలైనా తిప్పడు. ఆమె "బ్రేకు ప్యాడ్లు అరిగినాయి రా" అంటే చాలు, లోడు ఉన్నా సరే బండి ఆపేస్తాడు.

అంత గొప్ప ఏముందో చూద్దామని ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. చక్రం ఊడదీసి ఉంది. పాత ప్యాడ్లు తీసి కొత్తవి పెట్టారు. వాటిని పట్టి ఉంచే ఇనుప దవడను క్యాలిపరు అంటారట. దాన్ని దించి బోల్టులు బిగించాలి. అక్క బోల్టు మరలు పాత చీర ముక్కతో తుడిచి, పానా ముట్టకుండా వేళ్ళతోనే తిప్పింది. ఒకటి సులువుగా ఎక్కలేదు. బలవంతం చేయలేదు, వెనక్కి తీసి మళ్ళీ పెట్టింది. తర్వాత పొడుగాటి పానా తీసి, పిడి మీద బిగువు అంకె సరిచూసుకొని నిదానంగా లాగింది. నడుమ ఎవరైనా పలకరిస్తే బోల్టు విప్పి మొదటికి వచ్చేది. చాలినంత బిగువు రాగానే పానా 'టక్' మంది. అంతే, చెయ్యి తీసేసింది.

నా ప్రాణం ఊరుకుంటుందా?

"ఇంకా రొంత బిగించక్కా. చెన్నై దాకా పొయ్యే బండి."

"చాలు మే. టక్కుమన్నాక ఆపాల."

"వదులైతే?"

"ఇంకా లాగితే లోపల మర తెగతాది. బిగువుగా ఉన్నట్టే ఉండి దోవలో ఊడొస్తాది. నీ భయానికి సరిపొయ్యే బోల్టు ఇంకా ఎవురూ చెయ్యలేదు మే!"

షెడ్డంతా నవ్వింది. మావాడు అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆమె గూట్లోంచి ఎర్రటి గోళ్ళరంగు బుడ్డి తీసి, బోల్టు తల మీద నుంచి పక్క ఇనుము మీదకు సన్నగా ఒక గీత గీసింది. బోల్టు కదిలితే గీత రెండు ముక్కలై కనబడుతుందట.

"మీ అమ్మను రోజూ ఈ గీత చూడమను రా. దిగులు పడేదానికి ఒక తావుండాల కదా ఆమెకు" అంది.

ఆ తర్వాత మావాడిచేత కాలికి గట్టిగా తగిలేదాకా బ్రేకు తొక్కించి, అప్పుడు బండి కదలనిచ్చింది. షెడ్డుకు తాళం వేసి వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది. నేను గొళ్ళెం పెట్టి, పడుకొని, లేచి, మళ్ళీ లాగి చూసే మనిషిని. నా కొడుకు ఆమె మాట విన్నందుకు ఒక కుళ్ళయితే, ఆమెకు పట్టే ఆ నిద్ర మీద ఇంకో కుళ్ళు. కానీ గీత మాత్రం రోజూ చూశాను. స్టీరింగు పక్కకు తిప్పించి, టైరు వెనక టార్చి వేసి చూసేదాన్ని. ఏ రోజూ విరగలేదు. ఆ పూటకు నాకు అన్నం సయించేది. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు.

దహనమయ్యాక బావగారు ఆ పానా, ఆ బుడ్డి మావాడి చేతిలో పెట్టాడు. గుర్తుకు నాకొక చీరైనా ఇవ్వలేదు, చూడండి.

నిన్న మా వాకిట్లో మావాడే ప్యాడ్లు మార్చాడు. వేళ్ళతో ఎక్కించాడు. టక్కుమనగానే ఆపాడు. 'ఇంకా రొంత' అనే మాట నా నాలుక చివరికి వచ్చింది. నడుమ మాట్లాడితే మొదటికొస్తాడని నోరు మూసుకున్నాను. వాడు బుడ్డి నాకు అందించాడు.

"నా చేతులు మసి మా. నువ్వు గియ్యి."

గీశాను.

"పెద్దమ్మ గీత ఇంత వంకరగా ఉండదు మా."

"అయితే ఆమె దగ్గరికే పోయి గీయించుకో, పో!" అనేశాను.

అన్నాక గుర్తొచ్చింది. బుడ్డి మూత పెట్టడం కూడా మరిచిపోయాను. అడుగున మిగిలిన కాస్త రంగూ ఆరిపోతుందని మళ్ళీ దిగులు.

అక్క కర్మంతరానికి ఆ బండిలోనే పోతున్నాం. అల్లూరులో దిగగానే షెడ్డు ముందు స్టీరింగు తిప్పించి, టార్చి వేసి, నా వంకర గీత అతుక్కునే ఉందో లేదో చూసుకుంటాను. బావగారికి పలకరింపు ఆ తర్వాతే. వచ్చే ఆదివారం పొద్దున్నే మా ప్రయాణం.