జాహ్నవి అడిగిన నోరు

దేశంకాని దేశంలో, ట్రాయ్ అనే ఊళ్ళో, బడి ప్రిన్సిపాల్‌తో జాహ్నవి పోట్లాడి గెలిచిన రోజున నాగమణి అక్కడే ఉంది. కిరాణాకని తాను జాహ్నవి కారులో ఎక్కితే, అది నేరుగా బడి ముందు ఆగింది. లోపల జరిగిన మాటల్లో నాగమణికి ఒక్కటీ అర్థం కాలేదు. ఏ భాషలో పోట్లాడుకున్నా ఎవరు గెలుస్తున్నారో కనిపెట్టలేనంత అమాయకురాలు మాత్రం కాదావిడ. ప్రిన్సిపాల్ మొదట నవ్వుతూ మాట్లాడింది. తర్వాత నవ్వు మానింది. ఆ తర్వాత పక్కనున్న టీచరు మొహం చూసింది. పక్కవాళ్ళ మొహం చూశారంటే ఇక వాళ్ళ దగ్గర సరుకు అయిపోయినట్టే.

కారెక్కాక నాగమణి అడిగింది. "ఏమన్నావే ఆవిణ్ణి?"

"ఏమంట పెద్దమ్మా! ఇంగ్లిష్ రాని పోరగాళ్ళను రోజూ సైన్స్ పీరియడ్‌లనే లేపి వేరే రూంకి పట్కపోతున్నరు. సైన్స్ క్లాసుల కూసోనియ్యకుంట సైన్స్ ఇంగ్లిష్ ఎట్ల వస్తది అని అడిగిన. సోమవారం నుంచి ఇంగ్లిష్ టీచరే సైన్స్ రూంకి వస్తదట."

"అంతేనా? నువ్వు చేతులూపుతుంటే జుట్టు పట్టుకుంటావేమో, విడదీద్దామని సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నా."

"జుట్టు నెక్స్ట్ మీటింగ్‌ల."

జాహ్నవిది జనగామ. అక్కడ ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేది. భర్త నీరజ్‌కి ఇక్కడి కార్ల కంపెనీలో ఉద్యోగం రావడంతో కూతురు ప్రణవిని తీసుకుని వచ్చింది. భర్త వీసా వెనక వచ్చిన మనిషి కాబట్టి ఉద్యోగం చేయకూడదన్నారు. చేతులు కట్టుకుని కూర్చునే పిల్ల కాదు గనక, బడికి పోయి ఊరికే పని చేసేది. కొత్తగా దిగిన తెలుగు పిల్లల పక్కన కూర్చునేది. టీచర్ల మాట తల్లులకు తెలుగులోనూ, తల్లుల మాట టీచర్లకు ఇంగ్లిషులోనూ చెప్పేది. ఊళ్ళో బళ్ళన్నిటినీ నడిపే ఆఫీసును డిస్ట్రిక్ట్ అంటారు. ఆ డిస్ట్రిక్ట్ వాళ్ళే తెలుగువాళ్ళ మీటింగులన్నిటికీ ఆమెనే దుబాసీగా కూర్చోబెట్టేవారు.

నాగమణిది తెనాలి పక్క పల్లె, మూడో తరగతి చదువు. కొడుకు ఇక్కడ సిటిజన్ అయ్యాక ఆవిడకు గ్రీన్‌కార్డు వచ్చింది గానీ ఇంగ్లిషు రాలేదు. షాపులో పిల్ల "హౌ ఆర్ యూ" అంటే గడ్డం పైకెత్తి ఊరుకునేది. వచ్చీరాని ముక్కలతో నవ్వులపాలు కావడం కంటే, మూగదనుకుంటే అనుకోనీ అని ఆవిడ లెక్క. వీధిలోకి నడుద్దామంటే మంచు. మంచు లేనప్పుడూ నడిచేవాడు కనిపించడు. కారు తీసేవాళ్ళు ఇంటికొచ్చేదాకా కిటికీయే గతి. అందుకే ఎదురింటి జాహ్నవి హారన్ కొడితే, ఎక్కడికని అడక్కుండానే కోటు తొడుక్కునేది.

అంత పోట్లాడే మనిషి కూడా ఒకచోట ఇరుక్కుంది. అది సొంత కూతురి దగ్గర.

ఇంగ్లిషు సరిగా రాదని వేరే ఇంగ్లిషు క్లాసులో వేసిన ప్రణవి లాంటి పిల్లలకు ఏటా చలికాలంలో ఒక పరీక్ష పెడతారు. అందులో మాట్లాడే భాగం కూడా ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. అది దాటితేనే ఆ క్లాసులోంచి బయటపడేది. ప్రణవి ఇక్కడి పిల్లలతో ఆడేటప్పుడు ఇంగ్లిషు తాలింపులో ఆవాల్లా చిటపటలాడించేది. కంప్యూటర్ ముందు మాత్రం, బొమ్మ చూపించి ఏం జరుగుతోందని అడిగితే "రెయిన్" అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయేది. దాటలేదు. మళ్ళీ ఏడూ దాటలేదు. వచ్చే ఏడు మిడిల్ స్కూలు. అక్కడ ఆ ఇంగ్లిషు క్లాసు సరిగ్గా బ్యాండు వాయించే పీరియడ్‌ను మింగేస్తుంది. ప్రణవి క్లారినెట్ కోసం కలలు కంటోంది. పెన్సిల్ కొస సన్నాయిలా నోట్లో పెట్టుకుని వేళ్ళు ఆడిస్తూ ఇల్లంతా తిరుగుతోంది.

డిస్ట్రిక్ట్‌ను జాహ్నవి అడగని రోజు లేదు. యంత్రం బదులు ఎదురుగా మనిషిని కూర్చోబెట్టండి, పిల్లలు మాట్లాడతారు అని. చూద్దాం అనేవారు వాళ్ళు.

ఈలోగా ఆ ఊళ్ళోనే ఉండే తెలుగాయన చక్రధర్ తన ఇంటి కింది బేస్‌మెంట్‌లో ఆ పరీక్షకు కోచింగ్ తెరిచాడు. "ఎంసెట్‌కే షార్ట్‌కట్లు కనిపెట్టినవాళ్ళం, ఇదెంత సిస్టర్?" అన్నాడు. జాహ్నవి మొదట విరగబడి నవ్వింది. ఆనక అందరూ పంపుతుంటే తన పిల్లొక్కతే వెనకబడిపోతుందేమోనని భయపడి తానూ పంపింది. ఏ బొమ్మ వచ్చినా చెప్పడానికి ఒకే కథ నేర్పాడాయన. గాలికి తాతగారి గొడుగు ఎగిరిపోతుంది, కుక్క దాన్ని నోట కరుచుకుని తెస్తుంది, తాతగారు నవ్వుతారు.

ఆ చలికాలం ట్రాయ్‌లోని తెలుగు పిల్లలందరి తాతగార్ల గొడుగులూ ఎగిరిపోయాయి. కుక్కలన్నీ తెచ్చి ఇచ్చాయి. బడి బొమ్మకూ అదే కుక్క, వంటింటి బొమ్మకూ అదే కుక్క. కంప్యూటర్‌లో రికార్డయిన మాటలు విని మార్కులు వేసేవాళ్ళకు ఆ మాత్రం తెలియదా! బట్టీ మాటలు చెల్లవు, వీళ్ళకు సొంతంగా మాట్లాడ్డం రాదు, ఇంకో ఏడు ఆ క్లాసులోనే ఉండాలని తేల్చారు. మనిషి ముందు మళ్ళీ పరీక్ష పెట్టాలా వద్దా అన్నది మంగళవారం డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగులో తేలుస్తామన్నారు. ఊళ్ళో ఉండేవాళ్ళెవరైనా లేచి మాట్లాడవచ్చు.

ఒక్కరూ లేస్తామనలేదు. "గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది సిస్టర్, ఇప్పుడు హైలైట్ అవ్వొద్దు" అన్నాడు చక్రధర్. మిగతావాళ్ళు వాట్సాప్‌లో దండాల బొమ్మలు పెట్టారు. నీరజ్ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు. నీ పేరు ఎక్కడా వినపడొద్దని పెళ్ళాం చేతులు పట్టుకున్నాడు. పైగా ఆ మీటింగుకీ దుబాసీ జాహ్నవే. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎదుటివాళ్ళ మాట చెప్పాలే గానీ సొంత మాట కలపకూడదు.

జాహ్నవి ఆదివారం మధ్యాహ్నం కూతుర్ని వెంటబెట్టుకుని నాగమణి ఇంటికి వచ్చింది. కోటు కూడా విప్పకుండా సోఫాలో కూలబడింది. ఆ మనిషిని అలా చూడలేక నాగమణి వంటింట్లోకి పోయి చిక్కుడుకాయలు ముందేసుకుంది. ప్రణవి వెనకాలే వచ్చి, బస్సులో ఒకడి టోపీలోంచి బల్లి బయటపడిన సంగతి మొదలుపెట్టింది. సగం ఇంగ్లిషు, సగం తెలుగు, మిగతాదంతా చేతులు. నాగమణి ఊ అంటోంది. బస్సు ఆగింది, డ్రైవరమ్మ కేక పెట్టింది, బల్లి డ్రైవరమ్మ కాఫీలో పడింది. పళ్ళెం నిండా కాయలకు ఈనెలు తీసినా కథ అవలేదు.

"ఏమే, ఇంత నోరుందే! ఆ కంప్యూటర్ ముందు ఏమైందే నీకు? ఆ దిక్కుమాలిన కుక్క దాకా ఎందుకు పోయావు?"

"కుక్క ఫేక్, అమ్మమ్మా. చక్రధర్ అంకుల్ చెప్పమన్నారు."

"మరి అంతకుముందో?"

ప్రణవి చిక్కుడు గింజను గోటితో గీరింది. "మెషీన్ ఊ అనదు. నువ్వు ఊ అంటావ్. అది అనకపోతే... చాలేమో అనుకున్నా. ఐ స్టాప్డ్."

నాగమణి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కిటికీ దగ్గర తాను రోజుల తరబడి మింగిన మాటలు గుర్తొచ్చాయి. ఊ అనేవాళ్ళు లేకపోతే నోరుండి ఏం లాభం? తలెత్తేసరికి గుమ్మంలో జాహ్నవి. కోటు విప్పేసింది.

"పెద్దమ్మా, మంగళవారం నువ్వు రావాలె."

"రానని ఎప్పుడన్నాను? సంచీ పట్టుకుని కూర్చుంటా."

"కూసునుడు కాదు. లేచి మాట్లాడాలె."

"అంతమంది దొరల ముందా? నేనా? నీకేమైనా పిచ్చా?"

"తెలుగులనే మాట్లాడు. నీ పక్కన నేనుంట. నీకు కార్డుంది, నీ కొడుకు సిటిజన్, నిన్నెవరు ఏమంటరు? నేను సొంతంగ ఒక్క మాట అనొద్దు, గని నీ మాట ఆపే హక్కు ఎవరికి లేదు."

"నాకు మాటలు రావే, అలాంటిచోట."

"నేను ఊ అంట గద, పెద్దమ్మా."

జాహ్నవి వచ్చి కింద కూర్చుని, ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ తీసి పళ్ళెంలో పెట్టింది.

"ఇప్పుడు పిల్ల చెప్పింది గద, అదే చెప్పు. ఊ అనే మనిషిని కూసోబెట్టి మళ్ళొకసారి వినమను. ఆ కుక్క కథ పిల్లలది కాదు, పెద్దోళ్ళదని చెప్పు. చక్రధర్‌ను తిట్టు. దండాలు పెట్టి ఇంట్ల దాక్కున్నోళ్ళందర్ని తిట్టు. నన్ను గూడ తిట్టు పెద్దమ్మా. అన్నీ తెలిసి బిడ్డను ఆ బేస్‌మెంట్‌కి పంపిన నన్ను, దీని ముంగటనే, నీకు తెలిసిన తిట్లన్నీ తిట్టు. ఒక్క మాట మింగకుంట ఇంగ్లిష్‌ల నేనే చెప్త."