పిల్లి పడుకున్న గోనెసంచి

మా కొండాపూర్ ఫ్లాట్‌లో నిన్నటి నుంచి స్నానాల గదిలో ఒక వీధిపిల్లి ఉంది. తలుపు సందులో మా కుక్క వాసన పీలుస్తుంటే, నా చిన్నప్పుడు మూసాపేటలో నానమ్మ పరిచిన గోనెసంచులు గుర్తొచ్చాయి. మీ ఇళ్లలోనూ ఉండేవి కదా, ఎంత దులిపినా తవుడు రాలే సంచులు?

వానకు తడిసిన పిల్లిని నానమ్మ వంటింట్లో పెట్టి, ఒకదాని వాసన ఒకదానికి అలవాటు కావాలని రోజూ దాని సంచి ఆ ఇంటి కుక్కకూ, కుక్క సంచి దానికీ మార్చి వేసేది. "జర ఆగు బిడ్డా. పిల్లి సంచి మీద కుక్క పండుకున్ననాడు తలుపు తీద్దాం" అనేది.

నేను ఆగలేదు. ఆమె నీళ్లకని నల్లా దగ్గరికి వెళ్లగానే వంటింటి తలుపు తీశాను. కుక్క ఉరికింది. పిల్లి పెరటి గోడ దూకిపోయింది, మళ్లీ రాలేదు. నానమ్మ తిట్టలేదు. దాని సంచిని మాత్రం చాలా రోజులు గోడ పక్కనే పరిచి ఉంచింది.

ఇప్పుడు మా పాప "తలుపు తీద్దామా నాన్నా?" అంటోంది. పిల్లి కింది తువ్వాలు కుక్కకూ, కుక్కది పిల్లికీ మార్చి వేసి, "జర ఆగు బిడ్డా" అన్నాను.